దెయ్యాన్ని కన్న వేలెడు తీగ

సముద్రం దగ్గరి కాలవల ఊరు కాయ్‌మామ్‌లో పున్నమికీ పాడ్యమికీ రెండు రకాల పూజలు జరుగుతాయి. ఊరంతా చేసేది మొదటిది: గుమ్మం లోపల నేల మీద కూర్చుని ఇంటి స్థలాన్ని కాచే బొజ్జ దేవుడికి మూడు అగరొత్తులు, ఒక అరటి అత్తం, చిన్న కప్పులో పాలు లేని కాఫీ. రెండోది కరెంటు నామ్ ఒక్కడే చేస్తాడు. తెల్లారగానే మోపెడ్ ఎక్కి, రొయ్యల చెరువుల గట్ల మీద ఉన్న నలభై ఒక్క కరెంటు పెట్టెల దగ్గరా ఆగుతాడు. మూత తీసి, లోపలున్న బ్రేకరు మీది పసుప్పచ్చ బటన్ నొక్కుతాడు. బ్రేకరు టక్కున పడిపోతుంది. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల రెక్కల చక్రాలు నీళ్లు చిమ్మడం మానేస్తాయి. మీట మళ్లీ పైకి లేపుతాడు. రెక్కలు తిరుగుతాయి. నామ్ తల పంకించి తర్వాతి దేవుడి దగ్గరికి బయల్దేరతాడు.

"అది నొక్కితే ఏమొస్తుంది నామన్నా?" అని ఎవరైనా అడిగితే, "ఏదీ రాకూడదనే నొక్కుతున్నా" అంటాడు. ఆ జవాబులో వేదాంతం ఉందని కొందరు, మతిభ్రమణం ఉందని కొందరు అనుకున్నారు. రెండేళ్ల నుంచీ ఆయన చెరువు నీళ్లు ముట్టుకోకపోవడం, కాళ్లకి బురదంటితే ఇంటికొచ్చి వాన నీళ్ల కుండలోంచి ముంచుకునే కడుక్కోవడం చూసి రెండో వర్గం బలపడింది.

నామ్ అంటే ఐదు. ఇంట్లో పుట్టిన వరుసనే పిలుపుగా పెట్టుకోవడం ఈ దక్షిణపు కాలువల పద్ధతి. అందులోనూ మొదటి బిడ్డని రెండు అంటారు. ఒకటి అని పిలిస్తే పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లకి లెక్క మొదలెట్టడం తేలికవుతుందని పెద్దల భయం. కాబట్టి ఐదోవాడైన నామ్ నిజానికి నాలుగోవాడు. దెయ్యాల్ని అంకెలతో బురిడీ కొట్టించడం ఆ ఊరికి పుట్టుకతో వచ్చిన విద్య. నామ్ విషయంలో మాత్రం అది పనిచెయ్యలేదు.

ఆయన తండ్రి ఉప్పు మడుల్లో కూలి. ఊరికి కరెంటు రాని రోజుల్లో కుర్ర నామ్ పడవలో లారీ బ్యాటరీలు వేసుకుని పట్నం తీసుకెళ్లి, ఛార్జింగ్ పెట్టించి తెచ్చేవాడు. వాటితో ఊళ్లో ఒకే ఒక్క టీవీ నడిచేది. అందులో నాటకం రసపట్టులో ఉండగా బ్యాటరీ చచ్చిపోతే జనం తిట్టేది నాటకం రాసినవాణ్ణి కాదు, నామ్‌ని. తర్వాత స్తంభాలొచ్చాయి, తీగలొచ్చాయి. ఉప్పు మడులు రొయ్యల చెరువులయ్యాయి. రొయ్యకి గాలి కావాలి కాబట్టి ఏరియేటర్లొచ్చాయి. ఉప్పునీళ్లలో కరెంటు మోటార్లు వచ్చాక, ఏటా వానాకాలంలో ఎవరో ఒకరు నీళ్లలో బిగుసుకుపోవడమూ వచ్చింది. కరెంటాఫీసు కాగితాల్లో అలాంటివన్నీ "నీట మునిగి" అనే ఉండేవి. ఆ ఫారం చిన్నది, నింపడం తేలిక.

షాకు బ్రేకర్ని ఊరికి తెచ్చిందీ, గట్టు గట్టుకీ తిరిగి ఒప్పించిందీ నామే. "పొద్దున వంద బాతుల్ని కాలవలోకి వదిలితే సాయంత్రం వందా ఇంటికి రావాలి కదా? కరెంటూ అంతే. వెళ్లిందంతా తిరిగి రావాలి. ఒక్కటి తగ్గినా ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతోందన్నమాట. ఈ పెట్టెలో ఉన్నవాడు లెక్క చూస్తూ ఉంటాడు. తేడా కనబడగానే తలుపేసేస్తాడు." ఆ ఉపన్యాసం నలభై ఒక్కసార్లు ఇచ్చాడు. చివర్లో ఒక శాసనం కూడా చేశాడు: "మూత మాత్రం నేను తప్ప ఎవరూ తియ్యకూడదు." ఊళ్లో ఏ శాసనానికీ దక్కని గౌరవం దీనికి దక్కింది. ఒక్కరు కూడా తియ్యలేదు. ఆ గౌరవం సంగతి ఇప్పుడే వస్తుంది.

రెండేళ్ల కిందట బయ్ బెన్ అనే రైతు చెరువు మీద కొత్త డ్రైవు పెట్టాడు. మోటార్ల వేగాన్ని తగ్గించి పెంచే పెట్టె అది. కరెంటు ఆదా అవుతుందని అమ్మినవాడు చెప్పాడు, అయింది కూడా. కానీ అది బిగించిన మూడో రోజునుంచీ షాకు బ్రేకరు ఊరికే పడిపోవడం మొదలైంది. బెన్ అప్పుడు పడవ మీద సముద్రానికి వెళ్లి ఉన్నాడు. ఆయన భార్య లాయ్ కబురు పెడితే నామ్ వెళ్లాడు. ఆవిడ నడుము మీద చేతులు పెట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది.

"నామన్నా, మీ కాపలావాడికి మూర్ఛరోగం ఉందా? పొద్దుట్నుంచి ఆరుసార్లు పడ్డాడు."

"వాడి తప్పు కాదు చెల్లెమ్మా. నీ కొత్త డ్రైవు వల్ల కరెంటులో చిల్లర అలలు పుడుతున్నాయి. వాడు వాటిని చూసి దొంగలనుకుంటున్నాడు. ఆ అలలకి బెదరని రకం బ్రేకర్లు వచ్చాయి. పట్నం నుంచి తెప్పిస్తా. రెండ్రోజులు."

"రెండ్రోజులా? ఆ మూల చూడు. గాలాడక రొయ్యలు అప్పుడే మీసాలు పైకెత్తాయి. ఇంకో పావుగంట చక్రాలాగితే అన్నీ తెల్లగా తేలతాయి. ఈ రెండ్రోజులూ వీడి నోరు కట్టెయ్యి."

"అది చెయ్యకూడదమ్మా."

"కూడదని నాకూ తెలుసు. చెయ్యొచ్చా అని అడిగానా? మా ఆయనకి మాత్రం చెప్పకు. తెలిస్తే నన్ను గట్టు దిగనివ్వడు, తను దిగడు. రొయ్యలకి మేత ఎవరెయ్యాలి, నువ్వా?"

నామ్ నవ్వాడు. జేబులోంచి వేలెడు తీగముక్క తీసి, బ్రేకరుకి ఇటునుంచి అటు దాటేసేలా బిగించాడు. కాపలావాడు చోటులోనే ఉన్నాడు, కరెంటు మాత్రం వాడి ముందునుంచి పోవడం మానేసింది. మూత వేశాడు.

పట్నంలో సరుకు లేదన్నారు. తర్వాత వానలు. తర్వాత అక్క కూతురి పెళ్లి. రెండ్రోజులు పంతొమ్మిది అయ్యాయి. పంతొమ్మిదో రోజు సాయంత్రం ఐదింటికి లాయ్ మేత ట్రేలు లేపి చూడ్డానికి వచ్చి, మూడో చక్రానికి నైలాను తాడు చుట్టుకుని ఉంటే విప్పుదామని నీళ్లలోకి దిగింది.

అరుపు విని నలుగురు పరుగెత్తుకొచ్చారు. పెట్టె నాలుగు బారల దూరంలో ఉంది. మూత నామ్ తప్ప ఎవరూ తియ్యకూడదు కాబట్టి, ఇద్దరు ఎండు వెదురు వెతకడానికి వెళ్లారు, ఇద్దరు నామ్ కోసం పరుగెత్తారు. నామ్ వచ్చేసరికి ఏడు నిమిషాలు. మూత తీసి మెయిను మీట దించాడు. అదే చేతి వేళ్లు అదే ఊపులో తీగముక్కని లాగి చొక్కా జేబులో వేసుకున్నాయి. ఆ రెండు పనుల మధ్య ఆలోచన లేదు. తర్వాతి రెండేళ్లూ ఆలోచనే.

ఆఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి పెట్టె తెరిపించి, పసుప్పచ్చ బటన్ నొక్కించాడు. బ్రేకరు ఠీవిగా పడింది. "ఇది బ్రహ్మాండంగా ఉందే" అని, నీట మునిగినవాళ్ల చిన్న ఫారం తీశాడు. కరెంటు కారిన మూడో చక్రాన్ని నామ్ తనే విప్పి తీసుకెళ్లి పారేసి, దాని చోట కొత్తది పెట్టించాడు. ఎంత మంచివాడో అని ఊరు మెచ్చుకుంది.

ఇక్కడే దెయ్యం పుట్టింది. కాపలా పెట్టె ఉంది, పనిచేస్తోంది, అయినా మనిషి పోయింది. అలాంటప్పుడు అది కరెంటు చావెలా అవుతుంది? నీళ్లలో ఉన్నదేదో లాక్కుపోయింది. నీళ్లలో పోయినవాళ్లు నీళ్లలోనే ఉండిపోతారనీ, తమ చోటుకి ఇంకొకర్ని లాగితేగానీ వాళ్లకి విడుదల లేదనీ కాయ్‌మామ్‌లో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఇప్పుడు లాయ్ వంతు వచ్చింది. ఆవిడ ఎదురుచూస్తోంది. ఊరంతా ఈ మాట అనుకుంటూ ఉంటే, ఆ దెయ్యాన్ని కన్నతండ్రి మాత్రం కాఫీ కొట్లో మూలన కూర్చుని గ్లాసులోకి చూసేవాడు. తీగ ఆ రోజు అక్కడే ఉండి ఉంటే తిట్టేవాళ్లు, కొట్టేవాళ్లు, జైల్లో పెట్టేవాళ్లు. దెయ్యం మాత్రం పుట్టేది కాదు.

ఈ ఏడాది ఆరో నెలలో బెన్ చెరువు మీది బ్రేకరు మళ్లీ పడడం మొదలెట్టింది. భార్య పోయిన వారానికే బెన్ ఆ డ్రైవుని వెనక్కిచ్చేశాడు; ఇప్పుడున్నవి మామూలు మోటార్లు. వానా లేదు, తడీ లేదు. అయినా రోజూ పడుతోంది. రోజూ సాయంత్రం ఐదింటికే.

కాఫీ కొట్టు నడిపే ముసలమ్మ బా లూవా ఆ వార్తని నామ్ గ్లాసులో ఐసుతో పాటు వేసింది.

"తమ్ముడూ, నిన్న బెన్ తలకి నూనె రాసుకుని, పాపిట తీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని గట్టు మీదికెళ్లాడు. రెండో పెళ్లేమిట్రా అని అడిగా. కాదక్కా, మొదటిదే అన్నాడు."

నామ్ చెంచా తిప్పడం ఆపాడు.

"ఐదింటికి అది టక్కున పడుతుందంట. ఈయన వెళ్లి నిలబడి, ఆ పూట సంగతులన్నీ చెప్పి, అప్పుడు మీట లేపుతాడంట. నీ శాసనం కూడా చెల్లిపోయింది తమ్ముడూ, మూత తనే తీసుకుంటున్నాడు. చెరువు చుట్టుపక్కలోళ్లు ఆ వేళకి పిల్లల్ని ఇంట్లో కట్టేసుకుంటున్నారు. నువ్వు కరెంటోడివి, నువ్వేమంటావ్?"

"చూడాలి."

"రెండేళ్ల నుంచి నీ నోట్లోంచి ఈ ఒక్క మాటే వస్తోంది. నీ నోటికి కూడా ఏదైనా బ్రేకరు పెట్టించావా?"

పున్నమికి మూడు రోజులుందనగా బెన్ స్వయంగా నామ్ ఇంటికొచ్చాడు. ఏడో నెల అది, ఎవరూ లేని ఆత్మలకి గంజి పోసే నెల. బెన్ చంకలో బాతు ఉంది. దాన్ని జాగ్రత్తగా నేల మీద దించి, దాని కాలికి కట్టిన తాడు చివర బల్ల కోడుకి ముడేశాడు.

"నామన్నా, నీతో పనుంది. కాలవ అవతలి మంత్రగాణ్ణి తీసుకొచ్చి చూపించా. లాయ్ అక్కడే ఉందన్నాడు. విడిపించే దారి చెప్పాడు. పున్నమి రోజు ఐదింటికి నా చొక్కా ముక్క ఈ బాతు మెడకి కట్టి, నేనే నీళ్లలోకి దిగి మూడో చక్రం దగ్గర వదలాలి. కరెంటు తిరుగుతూ ఉండాలి. లాయ్ బాతుని నేననుకుని తీసుకుని, వెళ్లిపోతుంది."

నామ్ బాతుని చూశాడు. బాతు కూడా తనకి అప్పగించిన బాధ్యత అర్థమైనట్టే గంభీరంగా చూసింది.

"ఇరవై రెండేళ్లు నీతో కాపరం చేసింది బెన్. నీకూ బాతుకీ తేడా తెలీదా?"

బెన్ నవ్వలేదు. "మసక నీళ్లు. ఏమో. కానీ నీ పెట్టె ఆవిణ్ణి రానివ్వట్లేదన్నా. వచ్చినప్పుడల్లా టక్కుమని తలుపేస్తోంది. ఆ కాసేపు దాని కళ్లు మూయించు. ఎలాగో నీకు తెలుసుగా."

"నాకెలా తెలుసు?"

"కరెంటులో నీకు తెలియనిదేముంది?"

ఆ మాటలో కపటం లేదు. అదే నామ్‌ని కోసింది. అలాంటిది చెయ్యకూడదన్నాడు. ప్రాణం పోతుందన్నాడు. బెన్ ఓపికగా విన్నాడు.

"నువ్వు కట్టకపోతే నేనే కట్టుకుంటాలే అన్నా. రోజూ మూత తీస్తున్నా కదా, చూశాను. ఇటునుంచి అటు ఒక తీగ. అంతేగా?" బాతుని మళ్లీ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నామ్‌కి ఒక తెలివైన ఆలోచన వచ్చింది. పిరికివాళ్లకి ఎప్పుడూ తెలివైన ఆలోచనలే వస్తాయి. బ్రేకరు ఐదింటికే ఎందుకు పడుతోందో కారణం పట్టుకుని బెన్‌కి చూపిస్తే, దెయ్యం తనంతట తనే పోతుంది. తన జేబులో తీగ సంగతి ఎత్తే పనే ఉండదు.

మర్నాడు కాలవ అవతలున్న కంపెనీ చెరువుల దగ్గరికెళ్లాడు. వాళ్లు ఈ ఏడాదే వచ్చారు. అక్కడి ఇంజనీరు చోంగ్ ఆయన్ని బాబాయ్ అంటాడు, టోపీ తీసి నమస్కారం పెడతాడు.

"మీ డ్రైవులు ఎన్ని చోంగ్?"

"నలభై బాబాయ్. సాయంత్రం నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కదా, అన్నీ ఒకేసారి వేగం పెంచుతాం."

"ఎన్నింటికి?"

"ఐదింటికి. ఏం, మీ ఇంట్లో టీవీ మసగ్గా వస్తోందా?"

తెర ఉన్న మీటరు ఒకటి చోంగ్ దగ్గర ఉంది. దాన్ని అరువడిగి, అతన్ని కూడా వెంటబెట్టుకుని బెన్ గట్టు మీదికి వచ్చాడు. నాలుగూ యాభై ఐదుకి తెర మీద కరెంటు అల నున్నగా, పెద్దకాలవలో పోటు వచ్చినట్టు లేచి పడుతోంది. ఐదింటికి అవతలి ఒడ్డున నలభై డ్రైవులు ఒక్కసారి గొంతు పెంచాయి. అల ఒంటి మీద పళ్లు మొలిచాయి. బ్రేకరు పడింది.

లెక్క తేలిపోయింది. డ్రైవు కరెంటుని ధారగా తాగదు, గుటకలేస్తుంది. ఆ గుటకల కుదుపు ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న ఇరుగుపొరుగు తీగలన్నిటికీ పాకుతుంది. పోటు వల్ల గట్టు తెగదు. మోటారు పడవ వెనక లేచే చిల్లర అలలే గట్టుని కోస్తాయి. ఇదీ అంతే. చెరువు చుట్టూ పరిచిన నాలుగు వందల మీటర్ల పాత తీగ పెద్ద అలని పట్టి ఉంచగలదు. చిల్లర అలలు మాత్రం దాని తోలులోంచే నేలలోకి జారిపోతాయి. వెళ్లినవి వెళ్లినట్టు తిరిగి రావు. కాపలావాడు తేడా చూసి తలుపేస్తాడు. వాడు అబద్ధం ఆడట్లేదు, కానీ దొంగా లేడు.

కారణం దొరికిన సంతోషంలో నామ్ మోటార్ల తీగలు కూడా ఒక్కొక్కటే గట్టు మీదికి లాగి పరీక్షించాడు. మూడో చక్రం దగ్గర సంతోషం ఆగిపోయింది. నీటి మట్టానికి జానెడు కింద తీగ తోలుని పీత కొరికింది. రాగి ఇంకా పూర్తిగా బయటపడలేదు. నేడో రేపో అన్నట్టుంది. అంటే ఈ గోలంతటిలో నిజం దొంగ కూడా ఒకడు కిటికీ దగ్గరికి వచ్చి ఉన్నాడు. రోజూ అరిచే కుక్క అరుపుల్లో ఆ ఒక్క అరుపు ఎవరికీ వినబడలేదు. తీగ మారుస్తానన్నాడు నామ్. పున్నమి దాటేదాకా మూడో చక్రం మీద ఎవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదన్నాడు బెన్.

నామ్ తెర చూపించి అంతా చెప్పాడు. బెన్ రెండు చేతులూ కట్టుకుని, బళ్లో పిల్లాడిలా విన్నాడు.

"పెద్ద అల మీద చిన్న అలలు. సరే అన్నా. రోజూ ఐదింటికే ఎందుకు?"

"కంపెనీవాళ్లు ఐదింటికి వేస్తారు."

"ఐదింటికే వెయ్యాలని వాళ్ల చెవిలో ఎవరు చెప్పారు?"

చోంగ్ దగ్గి, టోపీ సర్దుకున్నాడు.

"ఇంకోటి అన్నా," బెన్ గొంతు పెంచలేదు. "ఇంత చిన్న అలలకే పడిపోతుందన్నావు. ఆ రోజు లాయ్‌ని పట్టుకున్న కరెంటుకి ఎందుకు పడలేదు? దానికి నీ మీటరు ఏం చెబుతుంది?"

నామ్ మీటరు ఆపి, దాని తీగలు చుట్టి చోంగ్ చేతికిచ్చేశాడు.

పున్నమి సాయంత్రం కాయ్‌మామ్ వాకిళ్లన్నిటా బల్లలు వెలిశాయి. పల్చటి గంజి గిన్నెలు, చెరకు ముక్కలు, చిలగడ దుంపలు, ఉప్పూ బియ్యమూ. నామ్ నాలుగున్నరకి మోపెడ్ తీశాడు. దారిలో రెండుసార్లు ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకి తిప్పాడు. ఇంటి ముందు బియ్యం చల్లుతున్న బా లూవా ఆ విన్యాసమంతా చూసి, "ఇంతకీ వస్తున్నావా, పోతున్నావా?" అంది.

బెన్ చెరువు గట్టు మీద ఎవరూ లేరు. ఆ వేళకి ఎవరూ రారు. పెట్టె మూత తెరిచి ఉంది. బ్రేకరుకి ఇటునుంచి అటు ఎర్ర తీగ ఒకటి బిగించి ఉంది, చెయ్యి తిరగనివాడు కట్టిన ముడి. బెన్ లాగు పైకి మడిచి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చంకలో బాతు, దాని మెడలో చారల చొక్కా ముక్క. కింద నాలుగు చక్రాలూ నీళ్లు చిమ్ముతున్నాయి. ఇంకా ఎనిమిది నిమిషాలుంది.

నామ్ మెయిను మీట దించి, ఎర్ర తీగ లాగేసి, మీట లేపాడు. చక్రాలు ఆగి మళ్లీ తిరిగాయి.

"ఈ పూట తీసేస్తావు," అన్నాడు బెన్ కదలకుండా. "రేపు కట్టుకుంటా. రేపు తీస్తే ఎల్లుండి. నువ్వెన్నాళ్లు కాపలా ఉంటావన్నా?"

నిజమే. నామ్ మెట్టు మీదికి దిగాడు. అతని పక్కన కాదు, ఒక మెట్టు కింద కూర్చున్నాడు. నీళ్లు పాదాలకి తగిలాయి.

"బెన్. ఆ రోజు ఆ పెట్టెలో ఇలాంటి తీగే ఉంది."

బెన్ తల తిప్పాడు.

"నేనే కట్టాను. రెండ్రోజులకని. పంతొమ్మిది రోజులు ఉంచేశాను. ఆ రోజు వచ్చి మీట దించినప్పుడు తీసి జేబులో వేసుకున్నా. అందుకే ఆఫీసాయన నొక్కితే పడింది. నీళ్లలో ఏమీ లేదు బెన్. అప్పుడూ లేదు. నేనే."

బాతు మెడ సాచి అటూ ఇటూ చూసింది. బెన్ దాన్ని పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది, తర్వాత సడలింది. బాతు మెట్లెక్కి గట్టు మీద చారల చొక్కాతో నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఎవరూ ఆపలేదు.

"లాయ్ అడక్కుండా నువ్వు కట్టవు," అన్నాడు బెన్ చివరికి.

తప్పు కొంచెం ఆవిడ మీదికి నెట్టే మాట అది, పూలపళ్లెంలో పెట్టి అందించినట్టు అందింది. నామ్ దాన్ని చాలాసేపు చూశాడు. అబద్ధం చెబితే ఉదాత్తంగా ఉంటుంది. కానీ ఈ మనిషి దగ్గర ఇప్పటికే ఒకటి దాచాడు.

"అడిగింది. కూడదన్నా. మళ్లీ అడిగింది. కట్టింది మాత్రం నా చేతులు."

"నాకు చెప్పొద్దంది కదూ?"

"చెప్పొద్దంది."

"నన్ను గట్టు దిగనివ్వడు అనుంటుంది."

బెన్ మొహంలో నవ్వులాంటిది ఒకటి వచ్చి, ఉండలేక పోయింది. భార్య గొంతు రెండేళ్ల తర్వాత అచ్చంగా వినబడ్డట్టుంది.

అప్పుడు ఐదయింది. అవతలి ఒడ్డున డ్రైవులు గొంతు పెంచాయి. పెట్టెలో టక్కుమంది. చక్రాలు ఆగాయి, నీళ్లు చదునయ్యాయి. బెన్ చెయ్యి అలవాటుగా పాపిట సర్దుకోవడానికి లేచి, సగంలో ఆగిపోయింది.

"రోజూ లాయ్‌తోనే అనుకుని మాట్లాడుతున్నానన్నా. ధర్మంగా చెప్పాలంటే బతికుండగా కూడా అన్ని మాటలు మాట్లాడలేదు. నలభై మోటార్లతో మాట్లాడానన్నమాట." మడిచిన లాగు దించుకున్నాడు. "లాయ్‌ని రెండుసార్లు తీసుకెళ్లావు నువ్వు."

లేచి, గట్టెక్కి, మీట తనే లేపి, నామ్ వైపు చూడకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు నామ్ ఆఫీసుకి వెళ్లి జరిగింది చెప్పాడు. మూసేసిన ఫైలు తెరవాలంటే అర్జీ మూడు ప్రతులు కావాలన్నారు. ఇచ్చాడు. నాలుగోది ఎందుకివ్వలేదని అడిగారు. అది కూడా ఇచ్చాడు. ఊళ్లో కొందరు ఆయనతో మాట్లాడడం మానేశారు, కొందరు కొత్తగా మొదలెట్టారు. బా లూవా మాత్రం గ్లాసు ముందు పెడుతూ, "నోరు తెరిచావుగా, ఇహ మూసుకుని తాగు" అంది.

పది రోజులకి పట్నం నుంచి చిల్లర అలలకి బెదరని బ్రేకరు వచ్చింది. నామ్ దాన్నీ, కొత్త తీగ చుట్టనీ పట్టుకుని బెన్ గట్టు మీదికి వెళ్లాడు. బెన్ మేత కలుపుతున్నాడు. తల ఎత్తలేదు.

"మూడో చక్రం తీగ మార్చు," అన్నాడు. "మిగతా మూడూ కూడా మార్చు. పెట్టె జోలికి మాత్రం వెళ్లకు."

"పాతది ఉంచితే రోజూ పడుతుంది బెన్."

"పడనీ. లేపడానికి నేను లేనా?"

"అది కంపెనీవాళ్ల డ్రైవులే. నీకు చెప్పాను."

"చెప్పావు. తెలుసు."

నామ్ నిలబడిపోయాడు. ఊరికే పడే బ్రేకరు వల్ల ప్రాణానికి ప్రమాదం లేదు. పడనిదే ప్రమాదం. ఆ సంగతి ఈ ఊళ్లో ఆయనకన్నా బాగా ఎవరికీ తెలీదు. నాలుగు తీగలూ మార్చాడు. అందుకోసం మొలలోతు నీళ్లలోకి దిగాల్సి వచ్చింది, దిగాడు. పైకొచ్చి, పాత కాపలావాణ్ణి ఒకసారి నొక్కి, లేపి, మూత వేసి వచ్చేశాడు.

ఇప్పటికీ ఐదింటికి బెన్ చెరువు మీద చక్రాలు ఆగుతాయి. కాలవ నీళ్ల మీదుగా చప్పుడు దూరం పోతుంది. చప్పుడు లేకపోవడం ఇంకా దూరం పోతుంది. నామ్ ఎక్కడున్నా, ఎవరి గోడ మీద ఏ మేకు కొడుతున్నా, సుత్తి ఆపి నిలబడతాడు. చక్రాలు మళ్లీ తిరిగేదాకా కదలడు. కొన్ని రోజులు ఒక నిమిషం పడుతుంది, కొన్ని రోజులు నాలుగు. పదిహేను దాటితే రొయ్యలు ఓర్చుకోవని ఇద్దరికీ తెలుసు. బెన్ ఆ గట్టు మీద నూనె రాసుకున్న తలతో నిలబడి ఇప్పుడు ఎవరితో మాట్లాడుతున్నాడో, ఏం చెబుతున్నాడో ఊళ్లో ఎవరూ అడగలేదు.

మొన్న పదకొండు నిమిషాలు పట్టింది. నామ్ నిచ్చెన దిగి, మోపెడ్ స్టార్ట్ చేసి, కాలు నేల మీద ఆనించి వింటూ ఉన్నాడు. అప్పుడు చక్రాలు తిరిగాయి. అయినా ఆయన ఇంజను ఆపడానికి చాలాసేపు పట్టింది.